వెనక్కి జారిన భుజం: ఎక్స్‌రే దాటవేసే గాయం

భుజం కీలు తప్పిన వారిలో నూటికి 95 మందికి పైగా చేతి ఎముక తల ముందుకే జారుతుంది. వెనక్కి జారేది 2 నుంచి 4 శాతం మందిలోనే. స్కాట్లండ్‌లోని ఎడింబరో వైద్యులు 2011లో ప్రచురించిన పరిశీలనలో ఏడాదికి లక్ష జనాభాకు సుమారు ఒక్క కేసు తేలింది. అంటే ఒక ఎముకల వైద్యుడు ఏళ్ల తరబడి పనిచేసినా ఇలాంటి భుజాలు కొన్నే చూస్తాడు. ఎదురుపడినప్పుడు గుర్తుకు రాకపోవడానికి అదొక కారణం.

మొదటి పరీక్షలో సగానికి పైగా కేసులు పట్టుబడవని వైద్య గ్రంథాలు తరచూ చెబుతాయి. ఈ అంకెను కొంత జాగ్రత్తగా తీసుకోవాలి. ఆలస్యమయ్యాక పెద్దాసుపత్రికి చేరిన రోగులను లెక్కపెడితే, సకాలంలో నయమైనవారు ఆ లెక్కలో ఉండరు. అయినా తప్పిపోవడం అరుదేమీ కాదన్నది వేర్వేరు దేశాల అనుభవాల్లో కనిపిస్తూనే ఉంది.

ఫ్రెంచి శస్త్రవైద్యుడు మాల్గేన్ 1855లోనే ఇలాంటి 37 కేసులను వివరించాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. మాల్గేన్ కంటే ముందే, 1839లో, లండన్‌లో ఆస్ట్లీ కూపర్ మూర్ఛ వల్ల భుజం వెనక్కి తప్పిన రోగి గురించి రాశాడు. వాళ్లు కంటితో చూసి, చేత్తో తడిమి పట్టుకున్న గాయాన్ని ఇవాళ ఫిల్ము చేతిలో ఉండగానే వదిలేస్తున్నాం. లోపం పరికరంలో కన్నా దాన్ని వాడే వరుసలో ఉందని నా అభిప్రాయం.

ఎడింబరో కేసుల్లో మూడింట రెండు వంతులు ప్రమాదాల వల్ల వచ్చినవి, మిగతావాటిలో ఎక్కువ ఫిట్స్ వల్ల. కరెంటు షాక్ మరో కారణం. ఫిట్స్ వచ్చినా, షాక్ కొట్టినా భుజం చుట్టూ కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటికంటే బలమైనవి కాబట్టి ఎముక తల వెనక్కి తోసుకుపోతుంది. కింద పడకపోయినా, దెబ్బ తగలకపోయినా ఇది జరగవచ్చు. పొలంలో మోటారు స్టార్టరు దగ్గర షాక్ తిన్న మనిషి, రాత్రి ఫిట్స్ వచ్చి తెల్లారి భుజం నొప్పి అంటున్న మనిషి మన ఊళ్లలో కొత్త కాదు. వీరికి రెండు భుజాలూ తప్పి ఉండవచ్చు. అప్పుడు పోల్చి చూసుకోవడానికి మంచి భుజమంటూ ఉండదు.

రోగి చెయ్యి పొట్టకు ఆనించుకుని కూర్చుంటాడు. చొక్కా విప్పించి పైనుంచి, పక్కనుంచి చూస్తే భుజం ముందు భాగం చదునుగా, వెనక నిండుగా ఉంటుంది. మోచెయ్యి ఒంటికి ఆనించి మడిచి, ముంజేతిని బయటికి తిప్పబోతే నిటారు దాకా కూడా రాక గట్టిగా ఆగిపోతుంది. తీర్థం పట్టడానికి చాచినట్టు చెయ్యి ముందుకు చాచమంటే అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు. ఇదే బిగుతు వారాలు గడిచాక ఫ్రోజెన్ షోల్డర్‌లా కనబడుతుంది. ఫిజియోథెరపీ మొదలవుతుంది, లేదా నాటు కట్టు పడుతుంది, ఈలోగా ఎముక ఇంకా అరుగుతుంది. మామూలు స్లింగు కూడా చేతిని పొట్ట మీదే ఉంచుతుంది కనుక ఆ భంగిమ ఎవరికీ అనుమానం కలిగించదు.

ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఎముక తల కీలు గుంటకు ఎదురుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. లోపలికి తిరిగిపోవడం వల్ల అది బల్బులా గుండ్రంగా కనిపించవచ్చు, కానీ ఆ గుర్తు అందరిలోనూ ఉండదు. చంక వైపునుంచి తీసే ఫిల్ము సంగతి తేలుస్తుంది. నొప్పితో చెయ్యి ఎత్తలేని రోగిని స్లింగులోనే కాస్త వెనక్కి వాల్చి తీసే వెల్పో పద్ధతి ఉంది. సీటీ స్కాన్ మరో మేలు చేస్తుంది: గుంట అంచుకు నొక్కుకుని ఎముక తల ముందువైపు పడిన సొట్ట ఎంతదో చూపిస్తుంది.

చికిత్స ఆ సొట్ట మీద, గడిచిన కాలం మీద ఆధారపడుతుంది. తల ఉపరితలంలో సొట్ట పావు వంతు లోపు ఉండి, మూడు వారాలు దాటకపోతే, మత్తు ఇచ్చి కోత లేకుండా సరిచేసే ప్రయత్నం చేస్తారు. ముందుగా చేతిని ఇంకాస్త లోపలికి తిప్పి, లాగి, అంచు నుంచి విడిపించాలి. విడిపించకుండా బయటికి తిప్పితే ఎముక విరగవచ్చు. పావు నుంచి సగం దాకా ఉంటే సబ్‌స్కాపులారిస్ కండర బంధాన్ని సొట్టలోకి మార్చే పద్ధతిని మెక్‌లాఫ్లిన్ 1952లో వివరించాడు. తర్వాత నీర్ ఆ బంధాన్ని దాని ఎముక ముక్కతో సహా మార్చాడు. ఎముక అతుకు వేయడం మరో దారి. సగం దాటితే, లేదా నెలల తరబడి అలాగే ఉండిపోతే కీలు మార్పిడి ఆలోచిస్తారు. ఈ హద్దులు ఎక్కువగా చిన్న చిన్న రోగి సమూహాల అనుభవంలోంచి వచ్చినవి. వయసు, ఎముక గట్టిదనం, రోగి చేసే పని చూసి సడలించాల్సి వస్తుంది.

సరిచేశాక చేతిని పొట్ట మీదికి కట్టకుండా, నిటారుగా లేదా కాస్త బయటికి తిప్పి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతారు. ఎడింబరో రోగుల్లో సుమారు 18 శాతం భుజాలు మొదటి ఏడాదిలోనే మళ్లీ అస్థిరమయ్యాయి. నలభై ఏళ్ల లోపువారికి, సొట్ట పెద్దదైనవారికి, ఫిట్స్ వల్ల గాయపడినవారికి ముప్పు ఎక్కువ. అందువల్ల ఫిట్స్ రోగిని డిశ్చార్జి చేసేటప్పుడు భుజం కట్టుతో పాటు న్యూరాలజిస్టు చీటీ, క్రమం తప్పని మాత్రలు కూడా ఆ భుజం చికిత్సలో భాగంగానే రాయాలి.