జారియా విద్యార్థులు, ఊలీ గీత

1960 అక్టోబరు 1న నైజీరియా స్వతంత్రమైంది. ఆ ఏడాదే జారియా కళాశాలలో చిత్రకళ అభ్యసిస్తున్న ఊచే ఒకేకే తన తోటి విద్యార్థుల సంఘం ముందు ఒక ప్రకటన ఉంచాడు. పరాయివారి వద్ద నేర్చినదానిలో పనికివచ్చేదాన్ని తీసుకోవాలి. తాతలనాటి కళలో ఇంకా జీవమున్నదానితో దాన్ని మేళవించాలి. దేనినీ గుడ్డిగా అనుకరించరాదు. స్థూలంగా ఇదీ దాని సారాంశం. దానికతడు పెట్టిన పేరు 'సహజ సమన్వయం'.

ఈ సంఘం 1958లోనే ఏర్పడింది. బ్రూస్ ఒనోబ్రక్‌పేయా, డెమాస్ న్వోకో, యూసుఫ్ గ్రిల్లో మొదలైనవారు అందులో సభ్యులు. పాఠాలు చెప్పేవారిలో ఎక్కువమంది యూరోపియన్లు, పాఠ్యక్రమమూ యూరపుదే. 1897లో బెనిన్ నగరాన్ని తగలబెట్టి బ్రిటిషు సైన్యం దోచుకుపోయిన వేలాది ఇత్తడి, దంతపు శిల్పాలలో అధికభాగం అప్పటికి పాశ్చాత్య మ్యూజియంల అద్దాల వెనుక ఉంది. 'ఆఫ్రికాకు కళ ఎక్కడిది?' అని అడిగినవారి ఇళ్ళలోనే దానికి సమాధానం ఉందన్నమాట!

అయితే ఒకేకే రాజాస్థానపు కళకేసి పోలేదు. బెనిన్ ఇత్తడి రాజుగారి సొత్తు, పోతపనివారు రాజుగారి శ్రేణి. అతడు పట్టుకున్నది ఇగ్బో పల్లె స్త్రీల ఊలీని. చెట్టుకాయల రసంతో ఒకరి ఒంటిమీద ఒకరు గీసుకునే గీతలవి. మట్టిరంగులతో ఇంటి గోడలమీద, భూదేవత 'అలా' గుడిగోడలమీద కూడా గీస్తారు. ఒంటిమీదివి కొద్దిరోజుల్లో చెరిగిపోతాయి, గోడమీదివి వానకు కరిగిపోతాయి. మళ్ళీ గీస్తారు. మిషనరీల దృష్టిలో ఇది అన్యమత దురాచారం. ఒకేకే తల్లికి ఈ విద్య తెలుసు. 1962 నాటి 'ఓజా' చిత్రాలలో నాలుగు సిరాగీతలు, చుట్టూ ఖాళీ కాగితం, అంతే. ఆ ఖాళీలో ఉన్న బలం తైలవర్ణ చిత్రాలలో అరుదు.

బయాఫ్రా యుద్ధం 1970లో ముగిశాక ఒకేకే న్సుక్కా విశ్వవిద్యాలయంలో బోధకుడయ్యాడు. ఒబియోరా ఉదెచుక్వు ఆ గీతతోనే యుద్ధంలో ఆకలిగొన్న మనుషులను, నిర్వాసితులను చిత్రించాడు. అలంకారం కోసం పుట్టిన గీత సాక్ష్యం చెప్పగలిగింది. ఈ ఉద్యమపు ఘనవిజయం ఇదేనని నా అభిప్రాయం.

కాని ఒక చిక్కుంది. ఊలీ గీసిన స్త్రీలు సంతకం చేయలేదు. తమ గీతను అమ్మలేదు. విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి దానికి చట్రం, సంతకం, ధర వచ్చాయి. సంతకాలు తొలినాళ్ళలో దాదాపు అన్నీ పురుషులవే. ప్రదర్శనశాలలో ఊలీ వెలుగుతున్న కాలానికే పల్లెల్లో అది అంతరించసాగింది. సిమెంటుగోడ, మిల్లుబట్ట, చర్చి, పట్నపు బడి, అన్నీ కలిసి దాని చోటు కాజేశాయి. ఈ నేరం చిత్రకారులది కాదు. అయినా 'జాతి వారసత్వం' అనే మాట వాడినప్పుడల్లా, ఎవరి చేతిపని అది, ఎవరి పేర నిలిచింది అని అడగక తప్పదు. న్సుక్కాలోనే తర్వాతితరంలో ఆడా ఉదెచుక్వు వంటి స్త్రీలు ఊలీని తమ పేరుతో గీశారు. ఆమె బట్టమీద కూడా గీసింది.