నుదుటి వెనుక గాలి గది

కష్టం రాగానే మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట, "నుదుట రాసిపెట్టి ఉంది, ఏం చేస్తాం!" అని. ఆ రాత సంగతేమో గానీ, బొట్టు పెట్టుకునే చోటికి అటూ ఇటూ, కనుబొమల పైన, ఎముక లోపల గాలి నిండిన రెండు గదులు మాత్రం నిజంగానే ఉన్నాయి. వాటిని ఫ్రాంటల్ సైనస్‌లంటారు. పుట్టిన బిడ్డకు ఇవి ఉండవు. ఆరేడేళ్ళకు ఎక్స్‌రేలో కనబడడం మొదలై, ఇరవై ఏళ్ళ లోపు పూర్తిగా పెరుగుతాయి.

ఈ గది ముందుగోడ చాలా గట్టిది. వెనుకగోడ పలుచన, దాని వెనకాలే మెదడు! లోపలి తడిపొర నుంచి ఊరే జిగురు ముక్కులోకి దిగడానికి ఒక సన్నని దారి ఉంటుంది. పెద్ద దెబ్బ తగిలి ఆ దారి మూసుకుపోయిందా, జిగురు లోపలే నిలిచిపోతుంది. పైగాయం మానిన ఏళ్ళ తర్వాత కూడా చీముపట్టి, మెదడు దాకా పాకవచ్చు. అందుకే వైద్యులకు ఈ చోటంటే అంత జాగ్రత్త.

యాంటీబయాటిక్ మందులు లేని రోజుల్లో చీముపట్టిన సైనస్ అంటే ప్రాణగండమే. 1898 ప్రాంతంలో జర్మనీ వైద్యుడు రీడెల్ పేర వచ్చిన ఆపరేషన్‌లో గది ముందుగోడనూ, అడుగునూ తీసేసేవారు. ప్రాణం దక్కేది గానీ, పాపం, నుదురు సొట్టపడి పోయేది. అద్దం చూసుకోవడానికే మనసొప్పని ముఖంతో బతకాలి! అది చూసే కాబోలు, 1903లో కిలియన్ అనే మరో జర్మన్ వైద్యుడు కనుబొమ దగ్గర ఎముకను వంతెనలా నిలిపి ఉంచే పద్ధతి చెప్పాడు. రూపం కూడా దక్కాలన్న ఆలోచన అక్కడ కనిపిస్తుంది.

1958లో అమెరికా వైద్యులు గూడేల్, మాంట్‌గోమరీ మరో పద్ధతిలో తమ అనుభవాలను ప్రచురించారు. ముందుగోడను కుంకుమభరిణె మూతలా తెరిచి, లోపల బాగుచేసి, మళ్ళీ అదే మూత పెట్టెయ్యడం! కోత జుట్టులోనే పెడితే మచ్చ కూడా కనబడదు. ఖాళీ గదిని రోగి పొట్టలోంచి తీసిన కొవ్వుతోనే నింపేవారు. వెనుకగోడ కూడా నుగ్గయితే ఏం చేయాలో 1978లో డొనాల్డ్, బెర్న్‌స్టీన్ చెప్పారు. ఆ గోడ తీసేసి, తడిపొర మిగలకుండా గీకి, ముక్కు దారి మూసి, ఆ చోటు మెదడుకే వదిలెయ్యాలి. ఇరుకింట్లో అడ్డుగోడ తీసి రెండు గదులూ ఒకటి చేసుకోమూ, అలాగన్నమాట.

1971లో లండన్‌లో తొలి రోగికి సీటీ స్కాన్ తీశాక, లోపల ఏ గోడ విరిగిందో కోయకుండానే తెలిసే రోజులు వచ్చాయి. చిన్న పగులైతే ఇప్పుడు చాలామందికి కత్తి పెట్టరు, కనిపెట్టి చూస్తారు. అవసరమైతే సన్నని టైటానియం పట్టీలతో ఎముక ముక్కలు అతుకుతారు. కొందరికి ముక్కులోంచే దుర్బిణి పంపి దారి సరిచేస్తారు. అయితే తర్వాత ఏళ్ళ తరబడి పరీక్షలు మానకూడదు. నుదుట వాపు వచ్చినా, ముక్కులోంచి నీళ్ళలాంటిది కారుతున్నా, జలుబే కదా అని ఊరుకోకూడదు.

చూశారా, నూరేళ్ళకు పైబడిన ఈ శ్రమంతా అరచేతి వెడల్పు కూడా లేని చోటు కోసం! అబ్బాయి బండి తాళం తీసుకుంటే హెల్మెట్ కూడా చేతికివ్వండి. రాసేవాడెవడైనా, ఆ పలక పగలకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో పనే.