ఎత్తుకుపోయినవారెవరు? చారామా కథకు ఒక సాక్ష్యపరీక్ష

భిలాయి ఉక్కు నగరంలోని రుఆబాంధా నుంచి దక్షిణంగా దాదాపు వంద కిలోమీటర్లు వెళితే కాంకేర్ జిల్లాలోని చారామా ప్రాంతం వస్తుంది. అక్కడ చందేలీ, గోటిటోలా గ్రామాల దగ్గర రాళ్ళ మీద ప్రాచీన మానవులు వేసిన రంగు బొమ్మలున్నాయి. 2014 జులైలో ఇవి వార్తలకెక్కాయి. వీటిలో కొన్ని గ్రహాంతరవాసులను, ఎగిరే పళ్ళాలను పోలి ఉన్నాయని రాష్ట్ర పురావస్తు శాఖకు చెందిన జె.ఆర్. భగత్ చెప్పారు. ముక్కు, నోరు స్పష్టంగా లేని ఆకారాలు, మూడు కాళ్ళ మీద నిలిచిన వాహనం వంటి వస్తువు ఈ ఊహకు ఆధారాలు. బొమ్మల వయస్సు పదివేల సంవత్సరాలని పత్రికలు రాశాయి.

బొమ్మలతోపాటు ఒక కథ కూడా బయటికి వచ్చింది. పూర్వం 'రోహెలా' అనే పొట్టి మనుషులు గుండ్రటి వస్తువులో ఆకాశం నుంచి దిగేవారట. ఊళ్ళో ఒకరిద్దరిని ఎత్తుకుపోయేవారట. వెళ్ళినవారు తిరిగి రాలేదట. తాతముత్తాతల నుంచి విన్నామని గ్రామస్థులు చెప్పారు.

దీన్ని నమ్మాలా, నవ్వి ఊరుకోవాలా? రెండూ తొందరపాటే. చరిత్రకారుడు చేసే పని మూడవది. అది సాక్ష్యాన్ని పరీక్షించడం.

బొమ్మ సాక్ష్యం

1957లో వి.ఎస్. వాకణ్కర్ వెలుగులోకి తెచ్చిన భీంబేట్కా చిత్రాలను చూడండి. అక్కడా మనుషులు ఎక్కువగా గీతలతోనే కనిపిస్తారు. ముఖాలకు వివరాలు అరుదు. కాబట్టి ముక్కు, నోరు లేకపోవడం వేరే గ్రహం గుర్తు కాదు. రాతి మీద బొమ్మలు వేసే పద్ధతుల్లో అదొకటి. వయస్సు మాటా అంతే. జేగురు వంటి ఖనిజపు రంగులో కార్బన్ ఉండదు గనుక రేడియో కార్బన్ పద్ధతితో నేరుగా కాలం కట్టలేం.

మరొక చిక్కు ఉంది. బొమ్మను చూసే కథ పుట్టి ఉండవచ్చు. అప్పుడు బొమ్మ కథకు, కథ బొమ్మకు సాక్ష్యం చెప్పలేవు. ఇద్దరు సాక్షులున్నట్లు కనిపించినా నిజానికి ఉన్నది ఒక్కరే.

జ్ఞాపకం సాక్ష్యం

గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారన్న ఆధునిక కథల్లో బాగా ప్రసిద్ధమైనది అమెరికాలోని బెట్టీ, బార్నీ హిల్ దంపతులది. 1961 సెప్టెంబరులో ఒక రాత్రి న్యూ హాంప్‌షైర్‌లో కారులో వెళుతూ ఆకాశంలో వింత వెలుగు చూశామని వారు చెప్పారు. కొన్ని రోజుల తర్వాత, తమను ఒక వాహనంలోకి తీసుకుపోయి పరీక్షించినట్లు బెట్టీకి కలలు వచ్చాయి. 1964లో డాక్టర్ బెంజమిన్ సైమన్ హిప్నాటిజం ద్వారా ప్రశ్నించగా ఇద్దరూ అటువంటి కథే చెప్పారు. అయితే ఆ వైద్యుడే దాన్ని నమ్మలేదు. బెట్టీ కలలు విని బార్నీ మనస్సు కూడా వాటిని గ్రహించి ఉంటుందని ఆయన అభిప్రాయం. హిప్నాటిజం మరచిన నిజాన్ని బయటికి లాగే సాధనం కాదు; కల్పనకు జ్ఞాపకం రూపం ఇవ్వగలదు కూడా.

అంటే వారు అబద్ధమాడారా? అవసరం లేదు. నిద్ర నుంచి మేలుకునే వేళ ఒక్కోసారి మెదడు మేలుకుంటుంది గాని కండరాలు కదలవు. గుండె మీద బరువు, గదిలో ఎవరో ఉన్నారన్న భయం కలుగుతాయి. మన పల్లెల్లో దయ్యం గుండెల మీద కూర్చుందంటారు. మరొక దేశంలో అదే గ్రహాంతరవాసి కావచ్చు. 2004లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మెక్‌నల్లీ బృందం ఇటువంటి అనుభవాలు చెప్పినవారికి వారి కథలనే వినిపించింది. నిజమైన ఘోరాలకు గురైనవారిలో వలెనే వారిలోనూ గుండె వేగం పెరిగింది, చెమట పట్టింది. భయం నిజమైనంత మాత్రాన సంఘటన నిజం కానక్కరలేదు.

కథ వయస్సు

ఇప్పుడు చారామా కథకే వద్దాం. 1947 జూన్ 24న అమెరికా వైమానికుడు కెనెత్ ఆర్నాల్డ్ కొన్ని వింత వస్తువులను చూశానన్నాడు. నీటి మీద విసిరిన పళ్ళెం ఎగిరెగిరి పడినట్లు అవి కదిలాయన్నాడు. అది కదలికకు పోలిక, ఆకారానికి కాదు. కాని పత్రికలు 'ఎగిరే పళ్ళాలు' అన్నాయి. ఆపైన జనానికి గుండ్రటి పళ్ళాలే కనిపించసాగాయి! చారామా కథలోని 'గుండ్రటి వస్తువు' పాతదా, ఆ తరువాత చేరినదా? 1947కు ముందు ఎవరైనా కథను రాసిపెట్టి ఉంటేనే తేలుతుంది.

'రోహెలా' అన్న పేరును కూడా విడిచిపెట్టకూడదు. అది రోహిల్లాలను గుర్తుకు తెస్తుంది. వారు ఆయుధాలు పట్టి పలు సంస్థానాల్లో కొలువు చేసిన పఠాన్లు. 1857 తరువాత నిర్మల్ ప్రాంతంలో రామ్‌జీ గోండుతో కలిసి బ్రిటిష్‌వారిపై పోరాడినవారిలోనూ రోహిల్లాలున్నారు. పేరు కలిసినంత మాత్రాన రుజువు కాదు. కాని ఆకాశం వైపు చూసే ముందు నేల మీద వెతకవలసిన జాడ అది.

అందుచేత చేయవలసినది కథను చెప్పినవారి భాషలో, చెప్పినది చెప్పినట్లు రాసుకోవడం. "పళ్ళెంలా ఉండేదా?" అని జవాబును అందించే ప్రశ్న వేయకూడదు, "ఎలా ఉండేది?" అని మాత్రమే అడగాలి. ఊరూరా తిరిగి, ఒకరి మాట ఒకరు వినకముందే అడగాలి.

ఎందుకింత శ్రమ? ఆ ఊళ్ళ నుంచి ఒకప్పుడు నిజంగానే మనుషులు మాయమై ఉండవచ్చు. దోపిడీదారులు పట్టుకుపోయారో, వెట్టికి తరలించారో, అడవిలో ప్రాణాలు పోయాయో! గ్రహాంతరవాసులు తీసుకుపోయారని తేల్చేస్తే ఆ మనుషుల కోసం వెతకడం అక్కడితో ఆగిపోతుంది.