డేటా చోరీ, బాధితులకు సమాచారం: చరిత్ర

కంపెనీ దగ్గరున్న వ్యక్తిగత వివరాలు పరుల చేతికి చిక్కితే, ఆ సంగతి సంబంధిత వ్యక్తులకు నేరుగా చెప్పి తీరాలన్నది ఇప్పుడు చాలా దేశాల్లో చట్టం. అమెరికాలో దీనికి బీజం పడింది ఒక ప్రభుత్వ కార్యాలయంలో.

2002 ఏప్రిల్ 5న కాలిఫోర్నియా ప్రభుత్వానికి చెందిన టీల్ డేటా సెంటర్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు. దాదాపు 2,65,000 మంది రాష్ట్ర ఉద్యోగుల పేర్లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు, జీతాల వివరాలు అక్కడున్నాయి. వాటిలో గవర్నర్ గ్రే డేవిస్‌వి కూడా ఉన్నాయి. అధికారులు చొరబాటును మే 7న పసిగట్టారు. ఉద్యోగులకు చెప్పేసరికి మరో రెండు వారాలు దాటింది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబరు దొరికితే ఇంకొకరి పేరుతో అప్పు పుట్టించవచ్చు. ఆలస్యమైన ప్రతి రోజూ దొంగకు కలిసొచ్చిన రోజే. ఆ ఏడాదే సెనేటర్ స్టీవ్ పీస్, అసెంబ్లీ సభ్యుడు జో సిమిటియన్ బాధితులకు చెప్పి తీరాలంటూ తెచ్చిన బిల్లులపై డేవిస్ సంతకం చేశారు. 2003 జులై 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. ఎన్‌క్రిప్ట్ చేసిన వివరాలు పోతే చెప్పక్కర్లేదని దానిలో మినహాయింపు ఉంది.

చట్టం అసలు బలం 2005లో బయటపడింది. జనం వివరాలు పోగుచేసి అమ్ముకునే చాయిస్‌పాయింట్ కంపెనీలో మోసగాళ్లు వ్యాపారులమని నమ్మించి ఖాతాలు తెరిచారు. కంపెనీ మొదట సుమారు 35,000 మంది కాలిఫోర్నియా వాసులకే ఉత్తరాలు రాసింది. మా వాళ్ల సంగతేమిటని మిగతా రాష్ట్రాలు నిలదీశాక ఆ సంఖ్య 1,45,000కు చేరింది. చట్టం లేని చోట బాధితుడికి కబురే లేదన్నమాట. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం ఇలాంటి చట్టం చేసుకుంటూ వచ్చింది. 2018లో అలబామాతో 50 రాష్ట్రాలూ పూర్తయ్యాయి.

చట్టాలున్నా దాచిపెట్టినవాళ్లున్నారు. 2016లో 5.7 కోట్ల మంది వివరాలు పోయినప్పుడు ఉబర్ హ్యాకర్లకు లక్ష డాలర్లిచ్చి ఏడాదిపాటు నోరు మెదపలేదు. దాచినందుకు 2018లో రాష్ట్రాలకు 14.8 కోట్ల డాలర్లు కట్టింది. దాని అప్పటి భద్రతాధిపతి జో సలివాన్‌ను 2022లో జ్యూరీ దోషిగా తేల్చింది.

చెప్పినా ఎలా చెప్పకూడదో తెలియాలంటే ఈక్విఫాక్స్‌ను చూడాలి. 2017 జులై 29న చొరబాటు గుర్తించిన ఈ క్రెడిట్ సమాచార సంస్థ సెప్టెంబర్ 7న ప్రకటించింది. బాధితులు 14 కోట్లకు పైనే. మీ వివరాలు పోయాయో లేదో చూసుకోండంటూ సంస్థ తన అసలు వెబ్‌సైట్‌ను కాదని కొత్త పేరుతో మరో సైటు తెరిచింది. అక్కడ ఇంటిపేరుతోపాటు సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి ఆరు అంకెలు కొట్టమంది. నంబరు పోగొట్టుకున్న మనిషినే మళ్లీ నంబరు అడిగింది! ఆ సైటును పోలిన నకిలీ తయారుచేయడం ఎంత తేలికో చూపడానికి ఒక భద్రతా నిపుణుడు అచ్చం అలాంటిదే తయారుచేస్తే, సంస్థ అధికారిక ట్విటర్ ఖాతాయే కస్టమర్లను దానికి పంపింది.

2018 మే 25న అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ గడువు పెట్టింది: నియంత్రణ సంస్థకు 72 గంటల్లో చెప్పాలి. ముప్పు ఎక్కువైతే బాధితులకూ ఆలస్యం చేయకుండా, తేటమాటల్లో చెప్పాలి.

భారత్‌లో చాలాకాలం కబురు ప్రభుత్వం దగ్గరే ఆగేది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ పెట్టిన ఆరు గంటల గడువు కూడా ఆ సంస్థకు తెలపడానికే. 2021 మేలో ఎయిర్ ఇండియా 45 లక్షల మంది ప్రయాణికుల వివరాలు బయటపడ్డాయని ప్రకటించింది. సాంకేతిక సేవలందించే సిటా నుంచి దానికి తొలి సమాచారం అందింది మాత్రం ఫిబ్రవరిలోనే.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ లోటు తీర్చింది. ముప్పు ఎంతన్న లెక్క లేకుండా ప్రతి బాధితుడికీ, డేటా రక్షణ బోర్డుకూ చెప్పాల్సిందే. చెప్పకపోతే జరిమానా రూ.200 కోట్ల దాకా ఉంటుంది. ఏం పోయింది, ఎప్పుడు పోయింది, దానివల్ల ఏం జరగొచ్చు, కంపెనీ ఏం చేస్తోంది, బాధితుడు ఏం చేసుకోవాలి, ఎవరిని అడగాలి అన్నవన్నీ ఉండాలని 2025 నవంబర్‌లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. సమ్మతి అడిగే నోటీసును తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలన్న చట్టం, చోరీ కబురు విషయంలో భాష ఊసెత్తలేదు. ఇది పెద్ద లోపమే: కంగారులో ఉన్న ఖాతాదారుకు సొంత భాష అవసరం అప్పుడే ఎక్కువ. బాధితులకు కబురు పంపాలన్న నిబంధన అమలుకు ప్రభుత్వం కంపెనీలకు 18 నెలల వ్యవధి ఇచ్చింది.