మద్రాసు వెలుగు, మన గోడల మీద

తెలుగులో తొలి గ్లామర్ తార ఎవరంటే పాతతరం తడుముకోకుండా చెప్పే పేరు కాంచనమాల. 1938లో ‘గృహలక్ష్మి’, ‘మాలపిల్ల’ వచ్చాక ఆమె బొమ్మ క్యాలెండర్లకెక్కింది. సినిమా హాలు లేని ఊళ్లోనూ క్యాలెండరుకు ఒక మేకు దొరికేది. తెలుగువాళ్లకు తార ముఖం మీద మోజు అక్కడే మొదలైంది.

ఆ పాటికే హాలీవుడ్‌లో ఫొటోగ్రాఫర్ జార్జ్ హరెల్ తార ముఖాన్ని అందంగా ఫొటో తీసే పనికి దారి వేశాడు. పెద్ద నెగటివు, ఎత్తునుంచి పడే బలమైన దీపం, చెంప కింద చిక్కటి నీడ, నెగటివు మీద పెన్సిలు మెరుగులు... ఇవీ ఆయన పనిముట్లు. తర్వాత బొంబాయి దాదర్ స్టూడియోలో జె.హెచ్. ఠక్కర్ హిందీ తారలను అలాంటి వెలుగునీడల్లోనే నిలబెట్టాడు. మన మద్రాసులోనేమో, అంతకుముందు పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి వచ్చిన మార్కస్ బార్ట్లే ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957)లకు కెమెరా పట్టాడు. సావిత్రి ముఖాన్ని తెర మీద అలా చూసిన ప్రేక్షకుడు పత్రికలోనూ ఆ అందమే కోరాడు.

సినిమా పత్రిక ‘రూపవాణి’ కాలంలో అచ్చు బ్లాకుల మీద నడిచేది. నాసి కాగితం మీద సన్నని ఛాయలు కలిసిపోయి మసి అయ్యేవి. అందుకే నలుపు, తెలుపు ఢీకొనే ఫొటోలే పేజీలో నిలిచేవి. ‘చందమామ’ వారి ‘విజయచిత్ర’ 1966లో వచ్చి రంగు బొమ్మలకు పీట వేసింది. 1976లో ‘సితార’, ఆ రోజుల్లోనే ‘జ్యోతిచిత్ర’ వచ్చి పోటీ పెంచాయి. జమున, కృష్ణకుమారి, వాణిశ్రీ, జయప్రద, శ్రీదేవి... తరం మారినప్పుడల్లా కొప్పు, చీరకట్టు, చూపు మారాయి.

ఉమ్మడి నల్లగొండలో ఈ మోజుకు ఇంటి చుట్టరికమూ ఉంది. నటుల్లో ‘కత్తి’ కాంతారావుది కోదాడ దగ్గరి గుడిబండ, ప్రభాకర్‌రెడ్డిది తుంగతుర్తి. హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీదున్న సూర్యాపేట, కోదాడలకు పత్రికలు బస్సెక్కి దిగేవి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక వరి, రైసు మిల్లులతో మిర్యాలగూడ చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. మధ్యపేజీ తార సెలూన్ గోడకెక్కింది, ట్రంకుపెట్టె మూతకు లోపల అంటుకుంది. పెళ్లిచూపుల ఫొటోకు స్టూడియోకు వెళ్లిన అమ్మాయి గడ్డం కాస్త వంచి, ఓరగా చూడటం ఆ పేజీల్లోనే నేర్చింది.

టీవీ వచ్చి ఈ పత్రికల గిరాకీని తగ్గించింది, ఫోను వచ్చి తుడిచేసింది. పోయినదానిలో పెద్ద అన్యాయం ఫొటోగ్రాఫర్లకే జరిగింది. తార పేరు ఇంటింటా నిలిచింది. ‘స్టిల్స్’ సత్యం, భూషణ్ వంటి కొద్దిమందిని మినహాయిస్తే కెమెరా వెనకాల మనిషి పేరు బొమ్మ కిందికైనా రాలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అటకల మీద పాత సంచికల కట్టలు ఇంకా ఉంటే తూకానికి అమ్మకండి. ముందు స్కాన్ చేయించి, ఒక ప్రతిని జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. బొమ్మ మూలన చిన్న అక్షరాల్లో ఫొటోగ్రాఫర్ పేరుంటే దాన్ని మాత్రం కత్తిరించకండి.