‘మూగమనసులు’: పునర్జన్మ ఎవరికి?

ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో వచ్చిన ‘మూగమనసులు’ను ముక్కోణపు ప్రేమకథగా చెప్పుకోవడం మనకు పరిపాటి. జమీందారు బిడ్డ రాధ, ఆమెను రోజూ గోదావరి దాటించే పడవవాడు గోపి, అతన్ని కోరుకునే గౌరి. సావిత్రి, నాగేశ్వరరావు, జమునల నటనా, మహదేవన్ సంగీతమూ ఆ కథను జనం గుండెల్లో నిలిపాయి. ఆ ఖ్యాతిని నేను కాదనను. అయితే మన సంస్కరణోద్యమ చరిత్రతో కలిపి చూస్తేనే ఆ చిత్రం అసలు స్వరూపం తెలుస్తుందని నా అభిప్రాయం.

పెళ్ళయిన కొద్దికాలానికే రాధ వితంతువై పుట్టింటికి వస్తుంది. గోపి ఆమెకు తోడుగా నిలిస్తే ఊరు నిందలు వేస్తుంది. ఇద్దరూ పడవమీద వెళ్ళిపోతూ సుడిగుండంలో పడి మరణిస్తారు. ఇది ఏ గోదావరి? 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం ఏ గోదావరి ఒడ్డున, రాజమండ్రిలో, తొలి వితంతు వివాహం జరిపించారో ఆ గోదావరే. మధ్యలో ఎనభై రెండేళ్ళు గడిచాయి. 1948 మద్రాసు చట్టంతో జమీందారీల రద్దు మొదలైంది. 1955 హిందూ వివాహ చట్టం కులాంతర వివాహానికి అడ్డుచెప్పలేదు. శాసనం ఒప్పుకున్న పెళ్ళిని వెండితెర ఒప్పుకోలేకపోయింది. కథ ఒక తరం ముందు నాటిది గదా అనవచ్చు. కావచ్చు, తీసినవాళ్ళూ, చూసి కన్నీరు పెట్టినవాళ్ళూ మాత్రం 1964 వాళ్ళే.

వీరేశలింగంగారి సంస్కరణకూ ఒక హద్దుంది. ఆ తొలి పెళ్ళిలో వధూవరులిద్దరూ బ్రాహ్మణులే. కులం గోడ జోలికి అది పోలేదు. ‘మూగమనసులు’ సరిగ్గా ఆ గోడ దాకా వచ్చి ఆగింది. వితంతువు మనసుపడడం పాపం కాదని ప్రేక్షకుల్ని ఒప్పించగలిగింది, అది చిన్న విషయం కాదు. కాని ఆమె మనసుపడ్డవాడు తెడ్డు వేసి బతికేవాడు అనేసరికి కథకులకు మరో జన్మ కావలసివచ్చింది.

ఆ మరో జన్మ ఎలా ఉందో చూడండి. గోపి ఇప్పుడు పడవవాడు కాడు. చదువుకున్న యువకుడు, కొత్త పెళ్ళికొడుకు. పడవ నడపడానికి కాదు, ఎక్కడానికి వస్తాడు. రాధ దిగిరాలేదు. గోపియే పైకెక్కాడు, అదీ చచ్చి! కర్మ సిద్ధాంతం పేదవాడికి తరతరాలుగా చెబుతున్న మాట ఇదే గదా.

మరి గౌరి? గోపి వర్గానికే చెందిన ఆ మనిషికి రెండో జన్మ కూడా లేదు. ఆ దంపతులకు వాళ్ళ పూర్వకథ చెప్పడానికి ముసలిదై సమాధుల దగ్గర మిగిలింది. అమర ప్రేమ అంటూ రాధాగోపుల మీద మనవాళ్ళు కావలసినంత రాశారు. సాహిత్య విద్యార్థులు ఇకనైనా గౌరి మీద రాయాలి. కథ ఆమెకిచ్చిన చోటు కొంచెం, జమున అందులో పోసిన ప్రాణం చాలా. 1967లో ఆదుర్తి ఈ కథనే హిందీలో ‘మిలన్’గా తీసినప్పుడు రాధాగోపుల పాత్రల్లోకి నూతన్, సునీల్ దత్ వచ్చారు. గౌరిగా మాత్రం మళ్ళీ జమునే నటించింది.