గొలుసు చివరి చక్కెర

రక్తంలో చక్కెర అనగానే మనవాళ్ళకి మధుమేహమే గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది ఆ చక్కెర గురించి కాదు. రక్తంలో తిరిగే ప్రోటీన్లలో చాలావాటికి చక్కెరల గొలుసులు అతుక్కుని ఉంటాయి. వీటినే గ్లైకోప్రోటీన్లు అంటారు. ఒరోసోమ్యూకాయిడ్ అనే ప్రోటీన్ బరువులో దాదాపు 45 శాతం ఈ చక్కెరలే!

ప్రయోగశాలలో ఈ గొలుసులు ఊడదీయడం నాకు అలవాటైన పని. ముందు ప్రోటీన్‌ని డిటర్జెంటుతో వేడిచేసి మడతలు విప్పుతాం. ఆ డిటర్జెంటు ఎంజైముని చెడగొట్టకుండా మరో మృదువైన డిటర్జెంటు కలుపుతాం. తరువాత పి.ఎన్.జి.ఏజ్-ఎఫ్ అనే ఎంజైము వేసి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతాం. ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి తగిలించి ఉన్న గొలుసుని అది మొదలంటా కోసేస్తుంది. బరువు తగ్గిన ప్రోటీన్ జెల్ మీద మరింత కిందికి దిగి కనిపిస్తుంది.

సియాలిడేజ్ అనే ఇంకో ఎంజైము గొలుసు చివరనున్న సియాలిక్ ఆమ్లాన్ని మాత్రమే తీస్తుంది. అంత చిన్న ముక్క పోతే ఏమవుతుందిలే అనుకునేవాణ్ణి, పాత పరిశోధనలు చదివేదాకా.

1960లలో అమెరికాలో గిల్బర్ట్ ఆష్‌వెల్, అనటోల్ మోరెల్ అనే శాస్త్రవేత్తలు రాగిని పట్టి ఉంచే సెరులోప్లాస్మిన్‌కి రేడియోధార్మిక గుర్తు పెట్టదలిచారు. అందుకోసం సియాలిక్ ఆమ్లాన్ని తీసేసి, ఆ ప్రోటీన్‌ని కుందేళ్ళకి ఎక్కించారు. మామూలుగా రోజుల తరబడి రక్తంలో ఉండేది నిమిషాల్లో మాయమైంది! వెతికితే కాలేయంలో దొరికింది. సియాలిక్ ఆమ్లం పోయేసరికి దాని కిందనున్న గాలాక్టోజ్ బయటపడింది. కాలేయ కణాల మీదున్న ఒక రిసెప్టర్ దాన్ని గుర్తుపట్టి ప్రోటీన్‌ని లోపలికి లాగేసుకుంది. ఆ గాలాక్టోజ్‌ని కూడా తొలగిస్తే ప్రోటీన్ మళ్ళీ రక్తంలో నిలిచింది.

ఇది కుందేళ్ళతో ఆగిపోయిన కథ కాదు. విజయవాడలో డయాలిసిస్ చేయించుకునే మా మేనమామకి రక్తహీనత తగ్గడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షను ఇస్తారు. అదీ గ్లైకోప్రోటీనే. దానిమీద సియాలిక్ ఆమ్లం లేకపోతే మందు పనిచేసే లోపలే రక్తంలోంచి వెళ్ళిపోతుంది. ఈ కిటుకు తెలిసే, రెండు గొలుసులు అదనంగా చేర్చి డార్బెపోయిటిన్ తయారుచేశారు. అది ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి తక్కువసార్లు పొడిపించుకుంటే చాలు.

అదే రిసెప్టర్‌ని తలుపుగా వాడుకునే మందులూ వచ్చాయి. కొలెస్టరాల్ తగ్గించే ఇంక్లిసిరాన్‌కి 2021లో అమెరికాలో అనుమతి లభించింది. గాలాక్టోజ్‌ని పోలిన చక్కెర తగిలించడం వల్ల అది నేరుగా కాలేయానికి చేరుతుంది. మొదటి రెండు మోతాదుల తరువాత ఆరు నెలలకొక ఇంజక్షను సరిపోతుంది.